విప్పని పొట్లం

రావమ్మ ఏ పని చేయాలన్నా ముందు అమ్మవారిని అడుగుతుంది. ఏ పనైనా అంటే నిజంగానే ఏ పనైనా. కూతురు శ్రీదుర్గ సంబంధం ఖాయం చేసుకోవడం దగ్గర్నుంచి వంటింటి గోడకు ఏ రంగు వేయించాలన్నదాకా. అడగడమంటే ఊరికే దణ్ణం పెట్టుకుని అడగడం కాదు, దానికో పద్ధతి ఉంది. ఒక తెల్ల నందివర్ధనాన్నీ ఒక ఎర్ర గన్నేరునూ వేర్వేరు అరటాకు ముక్కల్లో చుట్టి, అరటినారతో కట్టి, లోపల ఏముందో పైకి తెలియకుండా దుర్గమ్మ పటం ముందు పెట్టాలి. కళ్ళు మూసుకుని ఒక పొట్లం తీయాలి. తెల్లపువ్వొస్తే సరే, ఎర్రపువ్వొస్తే వద్దు. రెండో పొట్లాన్ని మాత్రం విప్పకూడదు. అమ్మ ఇవ్వనిదాన్ని విప్పి చూడటమంటే ఆవిడ మాట మీద అనుమానపడటమేనని రావమ్మ అత్తగారు చెప్పి పోయింది. దాన్ని విప్పకుండానే తీసుకెళ్ళి కాలువలో వదిలేయాలి.

ఆ పొట్లాలు కట్టే పని ఆమె భర్త బసవయ్యది. గవర్నర్‌పేట సందులో అతనికి పూలకొట్టు ఉంది. పెళ్ళిదండలు, కార్లకు డెకరేషను, శుక్రవారం మూరపూలు, అన్నీ అక్కడే. ఆ వీధిలో ఎవరికి ఏ సందేహం వచ్చినా అతని చేతనే పొట్లాలు కట్టించుకుని పోతారు. వాళ్ళలో కొందరు వచ్చిన జవాబు నచ్చక పై వారం మళ్ళీ కట్టించుకోవడం కూడా ఉంది. రావమ్మకు మాత్రం ఆ అవసరం రాలేదు. ఆమెకు వచ్చిన పువ్వు ఎప్పుడూ మనసులో మాటకు సరిగ్గా అతికినట్టు వచ్చేది. అమ్మకు నా సంగతి తెలుసు అని నలుగురిలోనూ చెప్పుకునేది. చెప్పుకునేటప్పుడు కొండ మీద అమ్మవారు తనకు దగ్గరి చుట్టమైనట్టు కొంచెం గర్వపడేది కూడా.

ఈ వేసవిలో ఆ గర్వానికి మొదటి దెబ్బ ఒక ప్రవచనంలో తగిలింది. నువ్వు పుట్టకముందే, ఇవాళ నువ్వేం చేస్తావో అమ్మకు తెలుసని ఆ పంతులుగారు మైకులో బల్లగుద్ది చెప్పారు. చుట్టూ ఉన్నవాళ్ళంతా చేతులు జోడించారు. రావమ్మ మాత్రం జోడించబోయి ఆగిపోయింది. ఇంటికొచ్చేసరికి బసవయ్య మల్లెమొగ్గల్లో విచ్చినవి ఏరుతున్నాడు. చెప్పులైనా విప్పకుండా అతని ముందు నిలబడింది.

"నేనేం చేస్తానో ఆవిడకి ముందే తెలిస్తే, ఇంక చేసేది నేనెట్లా అవుతానండీ? ఆవిడ అనుకున్నదాన్ని నేను ఆడి చూపిస్తున్నట్టేగా?"

బసవయ్య తల ఎత్తకుండానే, రేపు పొద్దున నువ్వు ఉప్మా చేస్తావని నాకు తెలుసు, తెలిసినంత మాత్రాన నేనేమన్నా చేయించానా అన్నాడు. మర్నాడు రావమ్మ పంతం కొద్దీ కిరాణా కొట్టు నుంచి పిండి తెప్పించి దోశలు పోసింది. బసవయ్య మూడోది కూడా పెట్టించుకుని తిని, పంతానికి దోశలు పోస్తావని కూడా తెలుసు అన్నాడు. ఆ రోజంతా రావమ్మ అతనితో సరిగ్గా మాట్లాడలేదు.

ఆ ప్రశ్న అంతటితో పోయేదే. ఈలోపు కనకలక్ష్మి గారు వచ్చారు. కనకలక్ష్మి గారు కోలాటం గురువు. అవనిగడ్డ ఆవిడ సొంతూరు. సాయంత్రాలు బెజవాడలో ఆడవాళ్ళను పోగేసి కోలాటం నేర్పుతారు. శ్రీదుర్గ పెళ్ళై వెళ్ళాక ఇంట్లో తోచక రావమ్మ ఆ జట్టులో చేరింది. చేరిన కొత్తలో ఎడమ వైపు తిరగమంటే కుడి వైపు తిరిగి పక్కావిడ వేళ్ళ మీద కొట్టింది. ఇప్పుడు జట్టుకు ముందు నిలబడేది ఆమే. ఆమె అడుగు చూసి మిగతా వాళ్ళు అడుగు వేస్తారు.

కనకలక్ష్మి గారు మంచినీళ్ళు తాగి అసలు సంగతి చెప్పారు. దివిసీమలో మూడు ఊళ్ళవాళ్ళు కోలాటం నేర్పమని వెంటపడుతున్నారట. ఆవిడకు నడుం ఆపరేషనైంది, ఎగరడానికి లేదు. గురువు ఊళ్ళోనే మకాం ఉండి నేర్పాలి. ఒక ఊరు పూర్తయ్యాక ఇంకో ఊరు, అలా దసరా దాకా పడుతుంది. నా బదులు నువ్వు వెళ్ళు రావమ్మా, నీ కాలికి ఉన్న పొందిక ఇంకెవరికీ లేదు, శనివారానికల్లా చెప్పు అన్నారు. రావమ్మ చేతులు నలుపుకుంటూ, అమ్మను అడిగి చెబుతానండి అంది.

వెళ్ళాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోతోంది. ఆ మాట మాత్రం తనకు తను కూడా చెప్పుకోలేదు. పెళ్ళిళ్ళ సీజను, కొట్లో దండలు కట్టే చేతులు చాలడం లేదు. బసవయ్యకు మోకాలి నొప్పి, షుగరు మాత్రలు చేతికందిస్తే తప్ప వేసుకోడు. ఇన్నేళ్ళలో ఆయన్ను వదిలి కూతురి కాన్పుకు తప్ప ఎక్కడా ఉన్నది లేదు. ఈ కారణాలన్నీ పైకే ఏకరువు పెట్టుకుంటూ దండ కట్టేది. బల్ల కింద మాత్రం ఆమె రెండు పాదాలూ తాళం వేస్తూనే ఉండేవి. బసవయ్య ఆ పాదాలను చూసేవాడు. శుక్రవారం పొద్దున అమ్మను అడుగుదాంలే అన్నాడు.

శుక్రవారం రాకముందే మేక వచ్చింది.

అంతకుముందు వారం ఎయిర్ కూలర్ కొనాలా వద్దా అని అడిగారు. తెల్లపువ్వొచ్చింది, కూలరొచ్చింది. విప్పని పొట్లం పూజ పళ్ళెంలోనే ఉండిపోయింది. సోమవారం దాన్ని తీసుకుని రావమ్మ కాలువ దగ్గరికి వెళ్ళింది. వేసవి కదా, కాలువలు కట్టేశారు. నీళ్ళు లేవు, అడుగున బురద ఎండి బీటలు వారింది. అయినా పద్ధతి పద్ధతే అనుకుని పొట్లాన్ని కాలువలోకి విసిరి దణ్ణం పెట్టుకుంది. కింద తిరుగుతున్న మేక ఒకటి వచ్చి అరటాకును పంటితో చింపింది. లోపల్నుంచి పువ్వు జారి బురద మీద పడింది. వాడిపోయి పసుపు తిరిగింది గానీ తెల్ల నందివర్ధనమే.

రావమ్మ గట్టు మీద అలాగే నిలబడింది. తెల్లది తను తీసింది. ఇదీ తెల్లదైతే ఎర్రది ఏమైనట్టు? పెళ్ళిదండల హడావుడిలో పొరపాటున కట్టి ఉంటాడని సర్దిచెప్పుకుంది. ఇంటికి వచ్చేదాకా ఆ సర్దుబాటు నిలిచింది. మధ్యాహ్నం బసవయ్యకు అన్నం వడ్డిస్తుంటే అది కాస్తా కూలిపోయింది.

పరీక్షించి చూద్దామనుకుంది. గుడివాడలో పెదనాన్న కొడుకు గృహప్రవేశం ఉంది. ఆ ఇంటికి వెళ్ళడమంటే ఆమెకు చచ్చేంత విసుగు, వెళ్ళినప్పుడల్లా వదినగారు ఏదో ఒకటి అంటుంది. బసవయ్యతో మాత్రం, పాపం పిలిచారు గదా, వెళ్తేనే బావుంటుంది, నాకైతే వెళ్ళాలనే ఉంది, ఎందుకైనా మంచిది అమ్మను అడుగుదాం అంది. అతను సరేనని పొట్లాలు కట్టి ఇచ్చాడు. కళ్ళు మూసుకుని తీసింది. ఎర్రది. అతను కొట్టుకు వెళ్ళగానే తలుపు గడియ పెట్టి, అమ్మవారి పటం వైపు చూడకుండా, చెంపలు వేసుకుని రెండో పొట్లం విప్పింది. అదీ ఎర్రదే.

నోటితో వెళ్ళాలని ఉంది అంటే, లోపల వద్దని ఉందని కనిపెట్టి కట్టాడు.

రావమ్మకు ముందు వచ్చింది కోపం. పక్కనే జాకెట్లు కుట్టే సాజిదా షాపులోకి వెళ్ళి స్టూలు లాక్కుని కూర్చుంది. సాజిదా నోట్లో గుండుసూదులు పెట్టుకుని జాకెట్టు చంక కుడుతోంది. రావమ్మ మేక దగ్గర్నుంచి గుడివాడ దాకా మొత్తం చెప్పింది. సాజిదాకు నవ్వు వచ్చి సూదులన్నీ అరచేతిలోకి ఊసుకోవాల్సి వచ్చింది.

"నవ్వు రాక ఏం చేస్తుంది నీకు" అంది రావమ్మ. "ఇన్నేళ్ళూ అమ్మవారు చెప్పిందని చేశాను. చెప్పింది ఆవిడ కాదంట, ఈయనంట. అమ్మతో చనువనుకున్నదంతా ఈయనతోనా నాకు?"

సాజిదా మిషను ఆపి, నీకు ఇష్టం లేనిది ఎప్పుడన్నా వచ్చిందా అక్కా అని అడిగింది. రావమ్మ గుర్తు చేసుకుంది. చల్లపల్లి నుంచి బెజవాడ రావడం ఇష్టపడే వచ్చింది. శ్రీదుర్గను ఆ కాలేజీలో చేర్చడం, ఆ అల్లుణ్ణే చేసుకోవడం, చివరికి వంటింటి ఆకుపచ్చ రంగు, అన్నీ ఆమె మనసులో ఉన్నవే.

ఒక్కసారి వచ్చింది. పెళ్ళైన కొత్త. చల్లపల్లిలో అత్తగారింట్లో ఉన్నప్పుడు, ఆపేసిన పదో తరగతి పరీక్ష రాస్తానని అడిగింది. పొట్లాలు అత్తగారు కట్టింది. ఎర్రపువ్వొచ్చింది. అమ్మ వద్దంది గదా అని పుస్తకాలు పక్కింటి పిల్లకు ఇచ్చేసి, గడ్డివాము వెనక కూర్చుని ఏడ్చింది. గేదెకు గడ్డి కోసం వచ్చిన బసవయ్య చూసి, గడ్డి తీసుకోకుండానే వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాతి సారి నుంచే, పూల పని నాది, నేను కడతాలే అమ్మా అని పొట్లాలు తన చేతిలోకి తీసుకున్నాడు. ఈ రెండు సంగతులూ రావమ్మకు ఎప్పుడూ తెలుసు. రెంటినీ కలిపి చూడటం మాత్రం ఇదే మొదలు.

"రేపు ఈ జాకెట్టు నేను కుడతానో లేదో అల్లాకి తెలుసు అక్కా" అంది సాజిదా. "తెలుసని మిషను దానంతటది తిరుగుద్దా? తొక్కాల్సింది నేనేగా. అన్నయ్యకి నీ మనసు తెలిస్తే నీ మనసు ఆయనదైపోద్దా?"

కాదని రావమ్మకూ తెలుస్తోంది. కోపం మాత్రం పూర్తిగా పోలేదు. అది ఎక్కడ ఉందో వెతుక్కుంటే దొరికింది. ఆ పదో తరగతి పరీక్ష తర్వాత, నాకు ఇది కావాలి అని ఒక్కసారి కూడా ఆమె నోరు తెరిచి అనలేదు. అనాల్సిన అవసరం లేకుండా చేశాడు ఆ మనిషి. కావాలనుకున్నవన్నీ చేతికొచ్చాయి గానీ, అడిగి తెచ్చుకున్న రుచి ఒక్కదానికీ లేదు.

ఇప్పుడు శుక్రవారం ఎదురుగా ఉంది. ఆమె పాదాల సంగతి ఆయనకు తెలుసు. తెలిసి రెండూ తెల్లవే కడితే, దివిసీమకు తను వెళ్ళినట్టు కాదు, ఆయన పంపినట్టు. రెండూ ఎర్రవి కడితే? మోకాలి నొప్పితో ఒంటరిగా ఉండలేక, మొదటిసారి తన కోసం తను కట్టుకుంటే? అదీ న్యాయమే అనిపించింది. అలా కడతాడా కట్టడా అని గురువారమంతా మొహం చూస్తూ గడిపింది. ఆయన ఏ కూర ఎందుకు వదిలేశాడో చెప్పగలదు గానీ ఇది మాత్రం అందడం లేదు. ఆయన తనను ఇంతగా చదివాడు, తను ఆయన్ను ఏం చదివిందని సిగ్గేసింది. ఒక్కటి మాత్రం నిశ్చయించుకుంది. రేపు రెండు పొట్లాలూ ఆయన ఎదుటే విప్పుతుంది.

శుక్రవారం పొద్దున తలంటుకుని, దీపం పెట్టి, పటం ముందు కూర్చుంది. బసవయ్య కుంటుకుంటూ వచ్చి రెండు పొట్లాలు పెట్టి, మోకాలు పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. రావమ్మ కళ్ళు మూసుకోలేదు. రెండు చేతులూ చాచి రెండు పొట్లాలూ తీసుకుంది. బసవయ్య ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు. పొట్లాలు ఎప్పుడూ ఉండేదానికన్నా బొద్దుగా ఉన్నాయి.

మొదటిది విప్పింది. ఒక నందివర్ధనం, దాని పక్కనే ఒక గన్నేరు. రెండోది విప్పింది. అందులోనూ అంతే, ఒక తెల్లది, ఒక ఎర్రది.

"ఇదేంటండీ?" అంది. ఆలోచించి పెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"రెండోది ఎందుకు విప్పావు?" అన్నాడు బసవయ్య.

"కూలరప్పుడు రెండూ తెల్లవే. గుడివాడకి రెండూ ఎర్రవే."

అతను ఒకసారి పటం వైపు చూశాడు. తర్వాత మెల్లగా కిందకు వంగి, కాలు చాపుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. వీధిలో అందరికీ న్యాయంగానే కట్టానని, ఆమె ఒక్కదానికే అలా కట్టానని, గడ్డివాము దగ్గర చూసినప్పటి నుంచి ఇంకోలా కట్టడానికి చెయ్యి రాలేదని చెప్పాడు. ఈసారి కూడా రెండు తెల్లవి ముందు కట్టాడట. కట్టినవి మళ్ళీ విప్పేశాడట.

"ఎందుకు విప్పారు?"

"పిల్లదాని చదువు వేరు, కూలరు వేరు. ఇది నీ కాళ్ళతో నువ్వు చేసే పని. నేను కట్టిన పువ్వు పట్టుకుని పోతే, అక్కడ కష్టమొచ్చినా సుఖమొచ్చినా అమ్మే పంపిందంటావు. ఒక్కసారన్నా నీ నోటితో వినాలనిపించింది."

"అమ్మవారి ముందు ఇన్నేళ్ళు మోసం చేశారు గదా. ఆవిడకి తెలీదనుకున్నారా?"

"ఆవిడకి తెలీకపోవడమేంటి. నీ మొహం చూసి నాకే ఇంత తెలిస్తే, ఆవిడకి ఇంకెంత తెలియాలి" అన్నాడు. "అన్నీ తెలిసి కూడా నీ చెయ్యీ పట్టుకోలేదు, నా చెయ్యీ పట్టుకోలేదు. చూస్తా కూర్చుంది. నాకు మాత్రం అట్లా కూర్చోవడం ఇప్పటికి గానీ చేతకాలేదు."

రావమ్మ అరటాకు మీది రెండు పువ్వులనూ చూసింది. తప్పించుకోవడానికి చోటు లేదు. వెళ్ళాలంటే వెళ్ళాలని ఉంది అనాలి, మానాలంటే మానాలని ఉంది అనాలి. ఇంత చిన్న మాట నోట్లోంచి రావడానికి ఇంత బరువుంటుందని ఆమెకు తెలియదు.

"నాకు వెళ్ళాలనుందండీ" అంది. చిన్నగా అంది. అది సరిపోలేదనిపించి మళ్ళీ అంది. "వెళ్తాను."

అని తెల్లపువ్వు తీసి జడలో పెట్టుకుంది. తల మీంచి మూట దించినంత తేలికైంది. కళ్ళు ఎందుకో నిండాయి, నవ్వు కూడా వచ్చింది, రెండూ ఆపుకోలేదు.

బసవయ్య గోడ పట్టుకుని లేచి, మంచం కింది ఖాళీ పూలబుట్ట లాగాడు. అందులో గోనెగుడ్డలో చుట్టిన కట్ట ఉంది. విప్పితే కోలాటం కర్రలు. గట్టి కర్ర, తరిమెన మీద తిప్పించి నున్నగా చేయించి, ఎరుపూ పసుపూ రంగు చారలు వేయించి, చివర చిన్న మువ్వలు కట్టించినవి. కొండపల్లిలో బొమ్మలు చేసే జక్కయ్య అతనికి పాత స్నేహితుడు, అతని చేత చేయించాడట. రావమ్మ ఒక జత చేతిలోకి తీసుకుని ఒకదానితో ఒకటి తాకించింది. ఇల్లంతా మోగింది.

"ఇవి ఎప్పుడు చేయించారు?"

"కనకలక్ష్మి గారు వచ్చి వెళ్ళారే, ఆ మర్నాడే పురమాయించా."

"అంటే నేను వెళ్తాననే అంటానని అప్పుడే తెలుసా?"

"తెలుసు."

"మరి వెళ్ళనని ఉంటే?"

"నాకు తెలిసింది తప్పయ్యేది. ఈ కర్రలతో చిలకకొయ్యలు కొట్టించుకునేవాణ్ణి." కర్రలను మళ్ళీ గోనెగుడ్డలో చుట్టబోయి ఆగాడు. మొహం పక్కకు తిప్పుకున్నాడు. "తప్పయితే బావుండునని కూడా అనిపించింది, రావమ్మా. ఒక్కోసారి."

గురువారమంతా వెతికినా అందనిది ఇప్పుడు ఆమెకు ఎదురుగా కనిపించింది. పొద్దున్నే గన్నేరు కోసి, ఆకులో పెట్టి, రెండు పొట్లాల్లోనూ దాన్ని ఉంచాడు ఆ మనిషి. వద్దనే మాట కూడా అక్కడ ఉండాలని ఉంచాడు. అది ఆమె కోసం ఎంత ఉంచాడో తన కోసం కూడా అంతే ఉంచుకున్నాడు.

"అది నాకు తెలుసు" అంది. ఎర్రపువ్వు తీసి అతని చొక్కా జేబులో పెట్టింది.

తర్వాత లేచి కళ్ళు తుడుచుకుని, కనకలక్ష్మి గారికి ఫోను చేసింది. పూర్తి మాట చెప్పేలోపే ఆవిడ అవతల్నుంచి బస్సుల వేళలు చెప్పడం మొదలుపెట్టారు. ఉయ్యూరు మీదుగా వెళ్ళే బస్సు ఎక్కమన్నారు. ఫోను పెట్టేసి రావమ్మ అలమారలోంచి మాత్రల డబ్బా తీసి బసవయ్య చేతిలో పెట్టింది.

"నేను లేనప్పుడు ఇవి వేసుకోవడం మర్చిపోతారు. నాకు తెలుసు."

"మర్చిపోను" అన్నాడు బసవయ్య.

"ముందే తెలుసంటున్నానుగా. నాకు తెలిసింది తప్పని చూపించండి చూద్దాం."

బసవయ్య డబ్బా మూత తీసి, పొద్దుటి మాత్ర ఆమె ఎదుటే వేసుకుని, మంచినీళ్ళ కోసం తనే వంటింట్లోకి నడిచాడు.